ఐదు గుంతల సంచి

దేవుణ్ణి ఒళ్ళో పెట్టుకుని బస్సులో తిరగడం ఎంత కష్టమో తిరిగినవాడికే తెలుస్తుంది. కింద పెట్టకూడదు, నలుగురి కాళ్ళు తగులుతాయి. పైన అరలో పెట్టకూడదు, అక్కడ ఎవరో పాత చెప్పులు చుట్టిన మూట తోసి ఉంటారు. పక్క సీట్లో పెడదామంటే మా వైపు బస్సుల్లో పక్క సీటు ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. అందుకని చిక్కబళ్ళాపురంలో ఎక్కింది మొదలు చింతామణిలో దిగేదాకా ఆ సంచి నా తొడలమీదే ఉండేది. దిగేసరికి కాళ్ళు నావి కావు. ఆ తిమ్మిరి కాళ్ళతోనే రైతుల పొలాల్లోకి నడిచేవాణ్ణి.

నేను డ్రిప్పు పైపుల కంపెనీలో పని చేస్తాను. టమోటా వేసేవాళ్ళకి, మల్బరీ పెట్టేవాళ్ళకి, ద్రాక్ష తోటలకి, చామంతి మళ్ళకి చుక్కచుక్కగా నీళ్ళు పడే పైపులు వేయించడం నా ఉద్యోగం. పొలం కొలవాలి, ఎన్ని పైపులు పడతాయో చెప్పాలి, సబ్సిడీ కోసం తోటగారికె ఇలాఖా, అంటే ఉద్యానశాఖ వాళ్ళ చుట్టూ రైతుతోపాటు తిరగాలి. పైపు వేసిన ఆర్నెల్లకి ఉప్పునీళ్ళు గడ్డకట్టి డ్రిప్పర్లు మూసుకుపోతే తిట్లు తినాలి. ఇల్లు చిక్కబళ్ళాపురంలో. వారంలో సగం రోజులు మాత్రం చింతామణి లాడ్జీలోనో, గుడిబండెలోనో, ఏ బస్సూ దొరక్కపోతే ఎవరో రైతు మిద్దెమీదో. యాభై దాటాక ఇలాంటి బతుకులో ఒక్కటే కోరిక మిగులుతుంది. పొద్దున ఇంకాస్త సేపు పడుకోవాలని.

అలాంటివాడి దగ్గరికి దేవుడు వచ్చి పడ్డాడు.

మా తాత నాగరగెరె పక్క ఒక పల్లెలో గుడి చూసుకునేవాడు. గుడి పోయింది, మాన్యం పోయింది, ఇంట్లో పూజ మాత్రం మిగిలింది. ఐదు చిన్న రాళ్ళు. మధ్యలో శివుడు, చుట్టూ నాలుగు మూలల్లో విష్ణువు, సూర్యుడు, అమ్మవారు, గణపతి. అన్నీ కలిపినా ఒక దోసిట్లో పట్టేస్తాయి. చూడ్డానికి ఏటిగట్టున ఏరుకొచ్చిన గులకరాళ్ళలాగే ఉంటాయి కానీ, ఒక్కరోజు కూడా స్నానం, నైవేద్యం తప్పకూడదు. ఏ రాయి స్థానం ఆ రాయిది, మారకూడదు. ఉపనయనం అయిన మగవాడే చెయ్యాలి. నాన్న తర్వాత ఆ పూజ మా అన్నకి వచ్చింది. అన్న బాగేపల్లిలో హైస్కూలు లెక్కల మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన పెళ్ళిళ్ళకి పోడు, యాత్రలకి పోడు. ఎవరైనా పిలిస్తే, "దేవుణ్ణి ఇడిచిపెట్టి ఎట్ల వచ్చేది?" అంటాడు. మేమంతా వెనక నవ్వుకునేవాళ్ళం. వదిన మాత్రం నవ్వేది కాదు పాపం, ఆవిడా ఎక్కడికీ పోలేదు కదా.

తర్వాత అన్న చేతులు వణకడం మొదలైంది. మొదట కాఫీ గ్లాసు. తర్వాత చొక్కా బొత్తాలు. బెంగుళూరు డాక్టరు ఏదో పేరు చెప్పి, ఇది తగ్గేది కాదు, పెరక్కుండా చూసుకోవాలి అన్నాడట. ఒకరోజు పొద్దున అభిషేకం చేస్తుంటే పంచపాత్ర చేతిలోంచి జారి పళ్ళెంమీద పడింది. పళ్ళెం ఎగిరింది. ఐదుగురు దేవుళ్ళూ గది నలుమూలలకీ దొర్లారు. నలుగురు దొరికారు, అమ్మవారు బీరువా కింద దూరింది. వదిన బోర్లా పడుకుని తడుముతుంటే అన్న తడి పంచెతో గోడకి ఆనుకుని కూర్చుని ఏడ్చాడట. లెక్కల మాస్టరు ఏడవడం నేను ఊహించుకోలేకపోయాను. నాకు ఫోన్ చేసినప్పుడు మాత్రం గొంతు గట్టిగానే ఉంది.

"నువ్వొచ్చి తీసుకోనిపోరా. ఇంక నా చేత గాదు."

"నేను ఊళ్ళు తిరిగేవాణ్ణి కదన్నా."

"తిరిగితే ఏమి? దేవుడు గూడా తిరుగుతాడులే. దినం తప్పకుండా ఉంటే సరి."

నా భార్యకి ఈ సంగతి చెబితే, "ఇంట్లో పెట్టిపోండి, నేను చేస్తాను. ఆడదాని చేతి నీళ్ళు పోస్తే దేవుడికి జలుబు చేస్తుందా?" అంది. నాకైతే అభ్యంతరం లేదు. అన్న వినడు. వినకపోవడమే కాదు, ఆ మాట ఆయన చెవిన వేస్తే ఆ వణికే చేతులతోనే మళ్ళీ మొదలుపెడతాడని భయం.

దేవుణ్ణి తేవడానికని కొత్త సంచి కొన్నాను. ముదురు నీలం గుడ్డ సంచి, గట్టి జిప్పు, భుజానికి పట్టీ. తెరిచి మూత పైకెత్తితే పెట్టెలాగా నిలబడుతుంది. మడి పంచెకి ఒక అర, పూజ సామానుకి ఒక అర, నా బట్టలకి అడుగున చోటు. ముచ్చటపడి బాగేపల్లికి తీసుకెళ్ళాను. అన్న దాన్ని తెరవను కూడా లేదు. పిడిమీద చెయ్యి వేసి, చప్పున వెనక్కి తీసుకున్నాడు.

"తోలు."

నిజమే. పిడికి చేతికి మెత్తగా ఉంటుందని తోలు చుట్టారు. జిప్పు చివర వేలాడే ముక్క కూడా తోలే. కొన్నప్పుడు ఆ మెత్తదనం చూసే కొన్నాను. మా ఇళ్ళలో పుట్టినవాడు సంచి కొనేటప్పుడు చూడాల్సింది అదొక్కటే, నేను అది తప్ప అన్నీ చూశాను. అన్న నన్ను మళ్ళీ స్నానం చేసి రమ్మన్నాడు. సంచిని వరండాలో నిలబెట్టాడు. ఆ సాయంత్రం బస్టాండు వెనక ట్రాక్టరు సీట్లు కుట్టే దర్జీ దగ్గర తోలంతా ఊడదీయించి, నైలాన్ పట్టీ వేయించాను. ఆ సంచిమీద నేను చేసిన మొదటి మార్పు అది. అదే చివరిదనుకున్నాను.

మొదటి వారానికే తెలిసిపోయింది. సంచి మనిషి బట్టల కోసం కుట్టింది, దేవుడి కోసం కాదు. తడి పంచె ఎక్కడ పెట్టినా పక్కనున్నదాన్ని తడుపుతుంది. కుంకుమ భరిణె మూత ఊడి, గుడిబండె రైతుకి ఇవ్వాల్సిన కొటేషను కాగితం ఎర్రబడింది. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని తీసుకున్నాడు, కానీ పైపులు వేయించుకోలేదు. గంట నాలుకకి గుడ్డ కట్టకపోతే బస్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా మోగుతుంది. ఒకసారి చింతామణి నుంచి మురుగమల్ల వైపు పోయే బస్సులో పక్కన కూర్చున్న ముసలామె దర్గాకి పోతోంది. గంట మోగగానే నా ఒడివైపు చూసింది.

"ఏముండాదప్పా సంచిలో?"

"దేవుడుండాడమ్మా."

ఆమె కొంగు తలమీదికి లాక్కుని, కాళ్ళు పక్కకి తీసుకుంది. ఆ దారంతా నాకు కాస్త చోటు దొరికింది.

రోజూ పొద్దున, నేను నీళ్ళు పోసుకుని లాడ్జీ బల్ల తుడిచి పూజ ముగించేసరికి ఫోన్ మోగేది. అన్న రెండో మాట మాట్లాడడు.

"అయిందా?"

"అయిందన్నా."

"సరే."

అంతే, పెట్టేస్తాడు. మొదట్లో బాగానే ఉండేది. తర్వాత్తర్వాత ఆ ఒక్కమాట నెత్తిన మోత అయింది. జ్వరం వచ్చినా "అయిందా". రాత్రంతా దోమలు పీకి నిద్ర లేకపోయినా "అయిందా". ఒక్కరోజైనా "నువ్వెట్ల ఉండావురా" అని అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు.

ఒకరోజు చింతామణి లాడ్జీలో, సంచిలో దేవుళ్ళని ఉంచే చిన్న పెట్టె తెరిస్తే రాళ్ళు నాలుగే ఉన్నాయి. గణపతి లేడు. ఐదింటిలోకీ చిన్నది, కందిగింజ రంగు రాయి. సంచి బోర్లించాను. మంచం జరిపాను, బాత్‌రూము తూము దగ్గర కూడా వెతికాను. తడి పంచె ఒంటిమీదే ఆరిపోయింది. ఫోన్ మోగుతోంది, ఎత్తలేదు. మళ్ళీ మోగింది. అప్పుడు నాకు దేవుడు గుర్తు రాలేదు. వదిన బీరువా కింద తడమడం, అన్న గోడకానుకుని ఏడవడం, అవే కళ్ళముందు ఆడాయి. ఆయన చేతిలోంచి జారితే అది జబ్బు. నా చేతిలోంచి జారితే ఏమంటారు? చివరికి సంచి అడుగు అస్తరు నొక్కి చూస్తే గట్టిగా తగిలింది. పెట్టె మూత వదులై, కుట్టు ఊడిన చోటునుంచి గణపతి అస్తరులోకి జారి, అక్కడ నేను ఎప్పుడో పోగొట్టుకున్న డ్రిప్పరు పక్కన హాయిగా కూర్చున్నాడు. చాలాసేపటికి ఫోన్ చేశాను.

"అయిందన్నా."

"ఇంతసేపా?"

"అవునన్నా, ఇంతసేపే."

ఆ ఆదివారం ఇంట్లో సంచిని ముందేసుకుని కూర్చున్నాను. భక్తితో అని చెప్పను, ఒళ్ళు మండి కూర్చున్నాను. రాళ్ళు కదలకూడదు, నాకు వాటిని రోజూ తీసి పెట్టే పని ఉండకూడదు. రెండూ కుదరాలి. పంపుసెట్టు గొట్టాలకి వాడే ఇత్తడి నట్లు నా దగ్గర బోలెడు. ఒక్కొక్క రాయికీ సరిపడే నట్టు ఏరి, అంచులు అరగదీసి, అడుగున నీళ్ళు పోవడానికి గాడి పెట్టాను. వాటిని ఒక ఇత్తడి పళ్ళెంలో మధ్యన ఒకటి, మూలలకి నాలుగు పెట్టించి, మోటార్లు బాగుచేసే షాపులో అతికించుకొచ్చాను. అలా ఐదు గుంతలు తయారయ్యాయి. ఎవరి గుంతలో వాళ్ళు కూర్చుంటారు. పళ్ళెం సరిగ్గా సంచి అరలో దిగుతుంది. పైన ఒత్తడానికి పంపు డబ్బాలో వచ్చిన స్పాంజికి నా భార్య తన పాత పట్టుచీర ముక్క కుట్టింది. పట్టుకి మైల లేదు కాబట్టి అన్న కూడా తప్పు పట్టలేడు. దానిమీద బిగించడానికి ఒక పట్టీ. తడి పంచెకి రబ్బరు గుడ్డతో వేరే అర. భరిణెలకి, దీపానికి పైపు ముక్కలు కోసి గూళ్ళు. పడుకోబెట్టినా, నిలబెట్టినా ఏదీ ఊడదు.

చివరిది మాత్రం పచ్చి సోమరితనం. సంచి మూత లోపలివైపు ఒక కొక్కెం కుట్టాను. మూత పైకెత్తి పట్టీతో నిలబెడితే ఆ కొక్కేనికి నీళ్ళ సీసా తలకిందులుగా వేలాడుతుంది. సీసా మూతకి సన్నని ట్యూబు, ట్యూబుకి వేలెడంత తిప్పుడు బిరడా, కొసన ఒక డ్రిప్పరు. బిరడా తిప్పితే చుక్కలు మధ్య గుంతలో శివుడిమీద పడి, అక్కణ్ణుంచి పళ్ళెమంతా పారతాయి. కావాలంటే ట్యూబు కొసని మిగతా నలుగురి మీదికీ జరపొచ్చు. ఆ నీళ్ళు పడుతున్నంతసేపూ నేను మంత్రం చెప్పుకుంటూ బట్టలు మడుచుకోవచ్చు, కాగితాలు సర్దుకోవచ్చు. తోటలకి వేసినట్టే దేవుడికీ డ్రిప్పు వేశానని నా భార్య నవ్వింది. "సబ్సిడీ వస్తుందేమో అడగండి" అంది.

సంచి బాగా కుదిరింది. కుదరనిది నేనే. వానాకాలం వచ్చేసరికి కంపెనీవాళ్ళు ఇంకొక తాలూకా నామీద పెట్టారు. నడుం పట్టేసింది. పొద్దున అందరికంటే ముందు లేవడం, లాడ్జీ చన్నీళ్ళు, ఆ "అయిందా" అన్న మాట, తొడలమీద బరువు. ఇంక నావల్ల కాదనిపించింది. రాళ్ళని తీసుకుని రోజూ పూజ చేసుకునే మఠాలు ఉన్నాయి, అలా ఇచ్చేసినవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. అన్నకి ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు. సంచి పట్టుకుని బాగేపల్లి వెళ్ళాను.

తలుపు వదిన తీసింది. అన్న లోపల టీవీ ముందు కూర్చుని ఉన్నాడు, టీవీ చూడటం లేదు. గడ్డం మాసింది. వదిన నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పింది.

"పొద్దున నీకి ఫోన్ చేసేదానికి లేస్తాడప్పా. నువ్వు అయిందంటానే మళ్ళా పోయి పండుకుంటాడు. మధ్యాన్నం దాకా స్నానం లేదు, ఏమీ లేదు. ఇంకేమి పనుండాది నాకు, అంటాడు."

ఇన్నాళ్ళూ ఆ ఫోన్ నామీద కాపలా అనుకున్నాను. ఆయనకి రోజంతా మిగిలింది ఆ ఒక్కమాటేనని తెలియలేదు. తెలిసినా ఏం చెయ్యాలో తోచలేదు. నేను వచ్చింది దేవుణ్ణి వదిలించుకోడానికి. భోంచేసేటప్పుడు కళ్ళు కంచంలో పెట్టుకుని మఠం మాట చెప్పేశాను. అన్న కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది.

"ఇచ్చేయరా," అన్నాడు. "నీ మొగం చూస్తేనే తెలుస్తాండాది. ఊరికే ఎందుకు కష్టం." కంచం పక్కకి జరిపాడు. "రేపు పొద్దున నేనొకసారి చూస్తా. తరవాత తీసుకోనిపో."

పొద్దున నేను లేచేసరికి అన్న స్నానం చేసి, తడి తలతో పీటమీద కూర్చుని ఉన్నాడు. గడ్డం తనే గీసుకున్నట్టున్నాడు, చెంపమీద రెండు గాట్లు. సంచి ఆయన ముందు పెట్టి జిప్పు తీశాను. మూత ఎత్తి నిలబెట్టాను. పట్టు ముక్క తీయగానే ఐదుగురూ ఎవరి గుంతలో వాళ్ళు కూర్చుని కనిపించారు. అన్న చాలాసేపు చూశాడు. తర్వాత వేలితో మధ్య రాయిని కదిపి చూశాడు. కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా నెట్టాడు. కదల్లేదు.

"ఇదేంది, ఈ సీసా?"

"బిరడా తిప్పన్నా. నీళ్ళు అవే పడతాయి."

"ప్లాస్టిక్కా?"

"ఇంట్లో బిందె గూడా ప్లాస్టిక్కే కదన్నా."

వదిన వెనకనుంచి దగ్గింది. అన్న చెయ్యి చాపాడు. అది గాల్లోనే ఇటూ అటూ ఊగుతోంది. బిరడా మీద పడటానికి రెండు మూడుసార్లు పట్టింది. పడ్డాక, వణుకుతూనే, తిరిగింది. ఆ వణుకుకి ఏదీ ఒలకలేదు, పడిపోలేదు, ఎగరలేదు. ట్యూబు కొసన ఒక చుక్క ఊరి, నిలబడి, శివుడిమీద పడింది. దాని వెనక ఇంకొకటి. అన్న చెయ్యి ఒళ్ళోకి వెనక్కి వచ్చేసింది, అక్కడ దాని వణుకు అది వణుకుతోంది. చుక్కలు మాత్రం వాటి పాటికి అవి పడుతున్నాయి. అన్న కళ్ళు మూసుకుని రుద్రం ఎత్తుకున్నాడు. చెయ్యి ఒక తీరు, గొంతు ఒక తీరు. ఆ గొంతులో వణుకు లేదు. నేను తొందరలో మింగేసే మాటలన్నీ ఆయన నోట నిండుగా పలుకుతున్నాయి.

పూలు పెట్టేటప్పుడు సగం నేలమీద పడ్డాయి, గంధం అమ్మవారికి పెట్టబోతే సూర్యుడికి అంటింది. నేను ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది, దాని వెనక బస్సూ వెళ్ళిపోయింది. అన్న తీర్థం ఇచ్చేటప్పుడు ఉద్ధరిణిలో నీళ్ళు నా చేతిలో సగం, మోచేతి మీద సగం పడ్డాయి. కళ్ళకద్దుకుని తాగాను. నాకు ఏడుపొచ్చింది. ఎవరికోసమని అడిగితే చెప్పలేను.

మఠం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నా బట్టలు సంచి అడుగునుంచి తీసి, వదిన ఇచ్చిన ఒక బట్టల షాపు కవర్లో కుక్కుకుని బస్టాండుకి నడిచాను. బస్సులో ఒళ్ళో ఏమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు చింతామణి లాడ్జీలో అలవాటుకొద్దీ అదే వేళకి మెలకువ వచ్చింది. అలవాటుకొద్దీ నీళ్ళు కూడా పోసుకున్నాను. బల్లమీద దువ్వెన తప్ప ఏమీ లేదు. ఫోన్ చేతిలో పెట్టుకుని మంచంమీద కూర్చున్నాను. అది మోగలేదు. కింద టీ కొట్టు తెరిచిన చప్పుడైంది, వీధిలో బస్సులు మొదలయ్యాయి, అయినా మోగలేదు. ఆగలేక నేనే చేశాను. వదిన ఎత్తి, గుసగుసగా మాట్లాడింది.

"అయిందా వదినా?"

"ఇంకా యాడప్పా. పూజలోనే ఉండాడు. మధ్యలో మాట్లాడడంట. అయినాక తానే ఫోన్ చేస్తానని చెప్పమన్నాడు."

ఆమె మాటల వెనక గంట వినిపిస్తోంది. హారతి ఇస్తున్నట్టున్నాడు. మామూలుగా హారతి గంట కాసేపు మోగి ఆగుతుంది. ఇది ఆగడం లేదు. ఆ చేతిలో ఉన్నంతసేపూ దాన్ని ఆపడం ఆయన వశంలో లేదు. గలగలమని, ఎడతెరిపి లేకుండా మోగుతూనే ఉంది. వదిన ఫోన్ పెట్టేసేదాకా విన్నాను. తర్వాత దుప్పటి కప్పుకుని పడుకున్నాను.